ఎముక కాదు, అది పడున్న చోటు: ఆదిమానవుల గురించి మనకెలా తెలుస్తుంది? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ తెర మీది బొమ్మ చూడండి. ఒక దవడపన్ను. పక్కన పెట్టిన స్కేలు ప్రకారం సెంటీమీటరున్నర కూడా లేదు. ఇది ఎవరిది, ఎన్నేళ్ళ నాటిది అని అడిగితే మీరేం చెప్తారు? ఊహించండి, ఫరవాలేదు. ఈ రంగంలో యాభై ఏళ్ళు పనిచేసినవాళ్ళు కూడా పన్ను ఒక్కటే చేతికిచ్చి అడిగితే ఊహే చెప్తారు. చూపు బాగా అలవాటైన ఊహ, అంతే.

ఎందుకంటే పన్ను మీద తేదీ ఉండదు. ఎముక మీదా ఉండదు. తేదీ ఉండేది అది పడున్న మట్టిలో, పైనున్న బూడిదలో, కిందున్న రాతిలో. ఎవరైనా ఆ పన్నును పైకి తీసి, తుడిచి, జేబులో వేసుకుని తెచ్చి ఇచ్చారనుకోండి. పన్ను మన చేతికొచ్చింది, కథ మట్టిలోనే ఉండిపోయింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

"ఆకారాన్ని బట్టి చెప్పలేరా?" అంటారు. కొంతవరకు చెప్పొచ్చు. ఎంతవరకు మోసపోతామో కూడా చెప్తాను. 2013లో దక్షిణాఫ్రికాలోని రైజింగ్ స్టార్ గుహలో ఎముకలు బయటపడ్డాయి. లోపలికి దారి ఒకచోట 18 సెంటీమీటర్ల వెడల్పే. జానెడు కూడా లేదు, సన్నగా ఉన్నవాళ్ళే దూరగలిగారు. 1,550కి పైగా ముక్కలు, కనీసం పదిహేను మందివి. 2015లో హోమో నలేడి అని పేరు పెట్టారు. మెదడు చూస్తే మనదానిలో మూడో వంతు. వేళ్ళ ఎముకలు వంపు తిరిగి ఉన్నాయి, కొమ్మలు పట్టుకునే వాళ్ళలాగా. ఆకారం చూసిన చాలామంది పది, ఇరవై లక్షల ఏళ్ళ నాటివి అయ్యుంటాయనుకున్నారు. తీరా 2017లో వయసు కడితే 2,36,000 నుంచి 3,35,000 ఏళ్ళ మధ్య తేలింది. అంటే మన జాతి అప్పటికే ఆఫ్రికాలో రూపు దిద్దుకుంటున్న కాలం! ఆకారం పాతది, కాలం కొత్తది. రెండూ ఒకటి కావు.

సరే, పొరలోంచి ఎముకను ఎలా తీస్తారో చూద్దాం. అసలు తవ్వకం కంటే ముందు నడక ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలో దొరికిన శిలాజాల్లో చాలావాటిని మొదట చూసింది గునపం కాదు, కన్ను. వానలకు వాలు కోసుకుపోయి, లోపలి పొర బయటపడుతుంది. వాన వెలిసాక అక్కడ తలవంచుకుని గంటల తరబడి నడవాలి. లూసీ అని పేరుపడ్డ ఆదిమానవ అస్థిపంజరం దొరికింది అలాగే. 1974 నవంబరులో ఇథియోపియాలోని హదార్‌లో డొనాల్డ్ జొహాన్సన్ కంట పడింది వాలు మీదున్న ఒక మోచేతి ముక్క. ఆ తర్వాత వారాల తరబడి ఆ వాలు మట్టినంతా జల్లెడ పట్టారు. వందల ముక్కలొచ్చాయి. అతికిస్తే ఒక అస్థిపంజరంలో 40 శాతం. ఇక్కడ చిన్న ప్రశ్న. అదంతా ఒకే మనిషిదని ఎలా అన్నారు? ఇద్దరు ముగ్గురి ఎముకలు కలిసిపోయి ఉండొచ్చు కదా? అన్ని ముక్కల్లోనూ ఏ ఎముకా రెండుసార్లు రాలేదు. రెండు ఎడమ మోచేతులు లేవు, రెండు కుడి తొడలు లేవు. దానికి తోడు అన్నీ ఒకే పరిమాణం, ఒకే రంగు. అందుకని ఒక్కరిదే అన్నారు.

వాలు మీద దొరికితే ఒక చిక్కు ఉంది. ఏ పొరలోంచి జారింది? పైపొరలోంచా, కిందదాంట్లోంచా? ఎముకకు అంటుకున్న గట్టి మట్టిని వాలులోని పొరలతో పోల్చి చూస్తారు. అదే పొరలో ఇంకా కదలని ముక్క ఒక్కటైనా దొరికితే అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు.

తవ్వకం మొదలయ్యాక పురికొసలు కట్టి నేలను మీటరుకు మీటరు గళ్ళుగా విడగొడతారు. తాపీతో, బ్రష్షుతో, ఎముక దగ్గరకు వచ్చాక వెదురు పుల్లతో. పుల్ల ఎందుకంటే ఇనుము గీత పెడుతుంది. ఆ గీత రేపు ఎవరికో "ఆదిమానవుడు కోసిన గాటు"లా కనబడుతుంది! నవ్వకండి, నిజంగానే ఆ బాధ ఉంది. ఒక్కో విడతలో ఐదు సెంటీమీటర్లకు మించి దిగరు. అది కూడా మట్టి రంగు మారినచోట ఆగాలి. రెండు పొరల మట్టి ఒకే సంచిలో పడకూడదు. రెండు సెంటీమీటర్లకు మించిన ప్రతి ముక్కకూ టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో మూడు కొలతలు తీసుకుంటారు: తూర్పుకెంత, ఉత్తరానికెంత, లోతెంత. మిగతా మట్టంతా నీళ్ళ జల్లెడకు. కన్నాలు రెండు మూడు మిల్లీమీటర్లే, లేకపోతే ఎలుకపళ్ళు కారిపోతాయి. ఆ ఎలుకపళ్ళు చాలా ముఖ్యం. అప్పుడక్కడ అడవి ఉందా, గడ్డిమైదానం ఉందా అనేది అవే చెప్తాయి.

ఇంకొక కొలత ఉంది, బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. పొడుగ్గా ఉన్న ప్రతి ఎముక ఏ దిక్కుకు పడుందో, ఎంత వాలి ఉందో దిక్సూచితో రాసుకుంటారు. ఎందుకు? వందలో ఎనభై ఒకే దిక్కుకు తిరిగి ఉంటే వాటిని అక్కడ పేర్చింది ఏరు, మనిషి కాదు. పక్కపక్కనే ఉన్న రాతి పనిముట్టూ జింక ఎముకా ఒకరోజు భోజనం తాలూకువి కాకపోవచ్చు. వరద తెచ్చి కలిపి ఉండొచ్చు.

పొర చదవడంలో తప్పు ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి, లియాంగ్ బువా గుహ. 2003లో మీటరు పైచిలుకు ఎత్తుండే ఒక చిన్న మనిషి అస్థిపంజరం దొరికింది. దగ్గర్లోని బొగ్గుకు వయసు కట్టి 18,000 ఏళ్ళన్నారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మనం ఆ ప్రాంతమంతా నిండిపోయాక కూడా ఇంకో మానవజాతి బతికుందా అని. తవ్వకం ఆగలేదు. గుహలో ఇంకా విశాలంగా తవ్వితే అసలు సంగతి బయటపడింది. ఎముకలున్న పాత మట్టి ఒకప్పుడు సగం కోసుకుపోయి దిమ్మలా మిగిలింది. ఆ కోతలో తర్వాత కొత్త మట్టి వచ్చి నిండింది. అంటే ఒకే లోతులో, పక్కపక్కనే, ఒకవైపు పాత మట్టి, ఒకవైపు కొత్త మట్టి! బొగ్గు కొత్త మట్టిది, ఎముక పాత మట్టిది. 2016లో సరిదిద్దారు: ఎముకలు 1,00,000 నుంచి 60,000 ఏళ్ళ మధ్యవి. లెక్క కట్టిన యంత్రం తప్పు చెప్పలేదండీ. బొగ్గు వయసు బొగ్గుదే. దాన్ని ఎముకకు అంటగట్టడంలో తప్పు జరిగింది.

ఇప్పుడు గడియారాల సంగతి. అన్నిటికన్నా నమ్మకమైనది అగ్నిపర్వత బూడిద. ఎలాగో చూడండి. రాతిలో పొటాషియం ఉంటుంది. ప్రతి పదివేల పొటాషియం అణువుల్లో ఒకటి, కాస్త అటూ ఇటుగా, పొటాషియం-40. అది మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 125 కోట్ల ఏళ్ళు. అందులో సుమారు పదో వంతు ఆర్గాన్ వాయువుగా మారుతుంది. కొండ పేలినప్పుడు ఆ వేడికి స్ఫటికంలో ఉన్న పాత ఆర్గాన్ అంతా ఎగిరిపోతుంది. గడియారం సున్నాకొచ్చిందన్నమాట. స్ఫటికం చల్లారాక పుట్టిన ఆర్గాన్ బయటికి పోలేదు, లోపలే చిక్కుకుంటుంది. ప్రయోగశాలలో ఆ స్ఫటికాన్ని లేజరుతో కరిగించి ఎంత వాయువు వచ్చిందో కొలుస్తారు. ఎముకకు పైన ఒక బూడిద పొర, కింద ఒక బూడిద పొర ఉంటే ఎముక వయసు ఆ రెండిటి మధ్య. ఎముకకు వయసు కట్టట్లేదు, గమనించండి. దాని కిందా పైనా ఉన్నవాటికి కడుతున్నాం.

వినడానికి తిరుగులేనట్టుంది కదా? అలాంటిది పదేళ్ళపాటు పెద్ద గొడవే నడిచింది. కెన్యాలో తుర్కానా సరస్సు పక్కన కూబీ ఫోరా. 1972లో శిలాజాల పరిశోధకుడు రిచర్డ్ లీకీ బృందంలోని బెర్నార్డ్ ఎంగెనియో ఒక పుర్రె ముక్కల్ని చూశాడు. దాని మ్యూజియం అంకె 1470. పెద్ద మెదడు. అది ఉన్నది కేబీఎస్ అనే బూడిద పొరకు కింద. ఆ బూడిదకు అప్పటికే కట్టిన వయసు 26 లక్షల ఏళ్ళు. అంటే పుర్రె అంతకన్నా పాతది. అంత పాత కాలంలో అంత పెద్ద మెదడా? పుస్తకాలన్నీ తిరగరాయాలి అన్నారు.

అడ్డం పడిందెవరో తెలుసా? పందులు. అవును, పందులే. అడవిపందుల మూడో దవడపన్ను తరతరానికీ పొడుగవుతూ వచ్చింది, గడ్డి ఎక్కువ తినడం మొదలయ్యాక. ఎంత పొడుగుందో చూసి ఏ కాలానిదో చెప్పొచ్చు. ఉత్తరాన ఇథియోపియాలో ఓమో లోయ ఉంది, దాని పొరలన్నిటికీ వయసులు కట్టి ఉన్నాయి. బేసిల్ కుక్ అనే శిలాజాల నిపుణుడు అక్కడి పందులనూ కూబీ ఫోరా పందులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కేబీఎస్ కింద దొరికిన పందులు ఓమోలో 20 లక్షల ఏళ్ళ నాటి పందుల్లాగే ఉన్నాయి. ఇరవై ఆరు ఎక్కడ, ఇరవై ఎక్కడ! రెండు చోట్లకూ దూరం వంద కిలోమీటర్ల లెక్కే. ఇటు ఒకరకం పంది, అటు ఇంకోరకం పంది ఆరు లక్షల ఏళ్ళు ఉంటాయా?

మరి యంత్రం ఎందుకు తప్పింది? నమూనా శుభ్రంగా లేదు. ఆ బూడిద కొండ మీంచి నేరుగా రాలి అక్కడే ఉండిపోలేదు. నీళ్ళు మోసుకొచ్చి పోశాయి. దారిలో పాత రాళ్ళ గింజలు కలిశాయి. మొట్టమొదటిసారి కొలిస్తే 20 కోట్ల ఏళ్ళ పైమాట వచ్చింది! అప్పుడే అర్థమైంది కలగలుపు ఉందని. మంచి స్ఫటికాలు ఏరి మళ్ళీ కొలిచి 26 లక్షలన్నారు. కానీ ఏరడంలో కొన్ని పాత గింజలు మిగిలిపోతే? లక్ష కొత్త గింజల మధ్య బాగా పాత గింజలు కొన్ని ఉన్నా చాలు, సగటు పైకి లేస్తుంది. 1980 ప్రాంతానికి వేర్వేరు ప్రయోగశాలలు, వేర్వేరు పద్ధతులు ఒకే అంకె దగ్గరకు చేరాయి: సుమారు 18.8 లక్షల ఏళ్ళు. ఆ బూడిద రసాయన కూర్పు ఓమోలోని ఒక బూడిద పొరతో సరిపోయింది కూడా. అంటే రెండూ ఒకే పేలుడువి. పందులే గెలిచాయి.

ఆ దెబ్బతో వచ్చిన అలవాటేమిటంటే, ఇప్పుడు పిడికెడు బూడిదను కలిపి కరిగించరు. స్ఫటికం తర్వాత స్ఫటికం, ఒక్కొక్కటిగా కరిగిస్తారు. ఇరవై గింజలు 18.8 అని చెప్పి, ఒకటి రెండు కోట్లలో చెప్తే ఆ ఒకటి రెండు ఎక్కడినుంచో వచ్చిన చుట్టాలని వెంటనే తెలుస్తుంది. సగటు తీస్తే ఆ చుట్టాలు అందరిలో కలిసిపోయేవారు.

రేడియోకార్బన్ గురించి ఎవరో చీటీ పంపారు. క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఆదిమానవుల విషయంలో దానికి అందేది చాలా తక్కువ. ప్రాణి చచ్చాక దాని ఒంట్లోని కార్బన్-14 మెల్లగా తరిగిపోతుంది, మిగిలినదాన్ని కొలిచి వయసు కడతారు. దాని అర్ధాయువు 5,730 ఏళ్ళు. యాభైవేల ఏళ్ళకు మొదట ఉన్నదాంట్లో పావు శాతం కూడా మిగలదు. అక్కడ చిన్న మలినం పెద్ద అబద్ధం చెప్తుంది. కార్బన్-14 అసలు మిగలని, లక్షల ఏళ్ళ నాటి ఎముకలో ఇవాళ్టి కార్బన్ ఒక్క శాతం కలిసిందనుకోండి. లెక్కలో అది 37,000 ఏళ్ళదిగా కనిపిస్తుంది! గట్టిపడాలని ఎముకకు పూసిన జిగురు, పట్టుకున్న చేతి జిడ్డు, లోపలికి దిగిన సన్న వేర్లు, అన్నీ మలినాలే. అందుకే నమూనా తీశాకే జిగురు పూయాలి, ముందు కాదు.

బూడిద లేనిచోట ఇసుకను అడుగుతారు. ఇసుకలోని క్వార్ట్జ్ గింజ చుట్టూ మట్టిలో ఉన్న రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని కొంచెం కొంచెంగా దాచుకుంటుంది. ఎండ తగిలితే దాచుకున్నదంతా ఖాళీ. మళ్ళీ పూడిపోయాక మళ్ళీ మొదలు. కాబట్టి గింజ చివరిసారి వెలుగు ఎప్పుడు చూసిందో కొలవొచ్చు. చిక్కేమిటి? నమూనా తీసేటప్పుడు వెలుగు తగిలితే అంతా పోతుంది. అందుకని మూత బిగించిన ఇనుప గొట్టాన్ని గోడలాంటి మట్టి కోతలోకి సుత్తితో కొట్టి దింపుతారు, తీయగానే రెండో కొస కూడా మూసేస్తారు. ప్రయోగశాలలో ఫొటోలు కడిగే గదిలో లాగా మసక ఎర్ర దీపమే. గొట్టం రెండు కొసల ఇసుకను పక్కనపెట్టి మధ్యది మాత్రమే వాడతారు. మట్టిలో తేమ ఎంతో కూడా కొలవాలి. నీరు ఆ కిరణాలను కొంత మింగుతుంది కాబట్టి తేమ తప్పు వేస్తే వయసు తప్పుతుంది. బురద వరదలో, చీకట్లో కొట్టుకొచ్చిన గింజకు సరిగ్గా ఎండ తగలదు. పాత ఖాతా మూయకుండానే కొత్త ఖాతా తెరిచినట్టు. దాని వయసు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కాలం సంగతి అయింది. ఇప్పుడు బతుకు సంగతి. ఒక గుహలో ఆదిమానవుల ఎముకలూ జింకల ఎముకలూ కుప్పగా దొరికాయి. ఎవరు ఎవర్ని తిన్నారు?

రేమండ్ డార్ట్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త పేరు వినే ఉంటారు. దక్షిణాఫ్రికాలో మకపాన్స్‌గాట్ గుహ ఎముకలు ఆయన లెక్కపెట్టాడు. ఒక వింత కనిపించింది. జింకల ముందుకాలి పై ఎముకలో మోచేతి వైపు కొసలు బోలెడు, భుజం వైపు కొసలు బాగా తక్కువ. ఎందుకు? మన పూర్వులు వాటిని గదల్లా వాడటానికి ఏరి దాచుకున్నారు, వాళ్ళు కరడుగట్టిన వేటగాళ్ళు అన్నాడు. ఆ మాట జనంలో బాగా పాకింది. ఇప్పటికీ పోలేదు.

సి.కె. బ్రెయిన్ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించాడు. ఎలా? గుహలో కాదు. నమీబ్ ఎడారిలో, కుయిసెబ్ నది ఒడ్డున మేకలు పెంచుకునే పల్లెలున్నాయి. మేకను కోసుకుని తిని ఎముకలు పారేస్తారు, కుక్కలు కొరుకుతాయి. బ్రెయిన్ ఆ పారేసిన ఎముకలు ఏరి లెక్కపెట్టాడు. ఏమొచ్చింది? అదే వింత! మోచేతి కొసలు నిండుగా, భుజం కొసలు దాదాపు లేనేలేవు. అక్కడ ఎవరూ గదలు ఏరుకోలేదు కదా. కారణం ఎముకలోనే ఉంది. మేకకు మోచేతి కొస ఏడాది వయసుకే అతుక్కుని రాయిలా గట్టిపడుతుంది. భుజం కొస చాలా ఆలస్యంగా అతుక్కుంటుంది, స్పంజిలా ఉంటుంది, లోపల కొవ్వు. కుక్క ముందు దాన్నే నమిలేస్తుంది. గట్టి కొస మిగులుతుంది. గుహలో డార్ట్ చూసింది ఎవరో ఏరిన ఎముకల్ని కాదు, పళ్ళు వదిలేసిన ఎముకల్ని.

ఇంకొకటుంది. స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఒక పిల్లవాడి పుర్రె మీద రెండు గుండ్రటి కన్నాలు, ఒకదానికొకటి మూడు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం. మొదట ఆయుధం దెబ్బలేమో అనుకున్నారు. బ్రెయిన్ చిరుతపులి దవడ తెచ్చి కింది కోరపళ్ళు ఆ కన్నాల్లో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చున్నాయి. వేటగాడనుకున్నవాడు వేటైపోయాడు.

కోసిన గాటునూ కొరికిన గాటునూ ఎలా విడదీస్తారు? సూక్ష్మదర్శిని కింద రాతిపెచ్చు గాటు ఆంగ్ల అక్షరం వీలాగా నిటారుగా దిగుతుంది. లోపల గోడల మీద సన్నటి సమాంతర గీతలుంటాయి, రాతి అంచు నునుపుగా ఉండదు కాబట్టి. పంటి గాటు వెడల్పుగా, అడుగు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మూడోది ఉంది, అదే ముంచుతుంది: ఇసుకలో పడున్న ఎముకను జంతువులు తొక్కితే ఇసుకరేణువులు గీసే గీత. అచ్చం కోతలాగే ఉంటుంది. ఇథియోపియాలో డికికా దగ్గర దొరికిన 34 లక్షల ఏళ్ళ ఎముకల మీది గాట్లు కోతలే అని 2010లో ప్రకటించారు. కాదు, తొక్కుడు గీతలని కొందరు, మొసలి పళ్ళని కొందరు. ఇంకా తేలలేదు. తేడా పట్టడానికి చూసేది గాటు ఉన్న చోటు కూడా. కీలు దగ్గర, స్నాయువు అతుక్కునే చోట వరసగా గాట్లుంటే అక్కడ కోయడానికి ఎవరికో అవసరం ఉంది. ఎముక పొడవునా ఎటుపడితే అటు ఉంటే తొక్కుడే.

రాతి పనిముట్లలోనూ ఇలాంటి చిక్కే. పెచ్చు లేవగొడితే దెబ్బ తగిలినచోట చిన్న ఉబ్బు వస్తుంది, అక్కణ్ణుంచి అలలు. అది చూసి మనిషి చేసిందే అనేవారు. తర్వాత 2016లో బ్రెజిల్‌లో కపూచిన్ కోతులు రాయితో రాయిని కొట్టి అలాంటి పెచ్చులే రాలుస్తున్నాయని తేల్చారు. వాటికి పెచ్చులతో పనే లేదు, కొట్టి రాతిపొడి నాకుతాయి! కాబట్టి ఒక్క పెచ్చు సాక్ష్యం చాలదు. ఒకే రాయి మీంచి ఒకదాని తర్వాత ఒకటి, రాయిని తిప్పుకుంటూ, అంచు కోణం చూసుకుంటూ తీసిన వరస ఉందా? రాలిన పెచ్చులను తిరిగి ఆ రాయికి అతికించి చూస్తారు. అతికితే ఏ దెబ్బ ముందు, ఏది వెనక అనేది కూడా తెలుస్తుంది. పైగా అవి కూర్చున్నచోటే రాలి ఉన్నాయని, ఏరు మోయలేదని రుజువు.

పళ్ళ దగ్గరకు వస్తాను. పంటి పింగాణీ రోజుకొక సన్న గీతగా పెరుగుతుంది. ఇంకొంచెం లావు గీత మనలో సాధారణంగా ఎనిమిది తొమ్మిది రోజులకొకటి. పుట్టినప్పుడు కూడా ఒక ప్రత్యేక గీత పడుతుంది. చెట్టు వలయాల్లా లెక్కపెడితే పిల్లవాడు ఎన్ని రోజులు బతికాడో చెప్పొచ్చు. 1985లో ఇలా లెక్కపెట్టి చూస్తే, ఇప్పటి పిల్లల పళ్ళతో పోల్చి ఐదారేళ్ళు అనుకున్న ఆస్ట్రలోపితెకస్ అనే ఆదిమానవుల పిల్లల వయసు మూడింట రెండొంతులే అని తేలింది. అంటే వాళ్ళు మనకన్నా తొందరగా ఎదిగేవారు. మన నిదానమైన బాల్యం తర్వాత వచ్చింది.

ఆఖరిది డీఎన్ఏ. పాత డీఎన్ఏ దారంలా దొరకదు, నలిగిన నూగులా దొరుకుతుంది. ముక్కకు యాభై అక్షరాలంటే అదృష్టం. ఎముకను తాకినవాళ్ళందరి డీఎన్ఏ మాత్రం కొత్తగా, పొడుగ్గా, బోలెడంత ఉంటుంది. 1994లో ఎనిమిది కోట్ల ఏళ్ళ నాటి ఎముకలో డైనోసార్ డీఎన్ఏ దొరికిందని ప్రచురించారు. మరుసటి ఏడాదికి తేలిందేమిటంటే, అది మనిషిది! మరి అసలుదాన్ని ఎలా గుర్తిస్తారు? దాని చెడిపోవడమే దాని సంతకం. ముక్కల కొసల్లో 'సి' అనే అక్షరం కాలక్రమాన పాడై 'టి'గా చదవబడుతుంది. కొసల్లో ఆ మార్పు ఎక్కువుంటే పాతది, లేకపోతే మనలో ఎవరిదో. స్వాంటే పాబో బృందం ఇలాంటి జాగ్రత్తలతోనే 2010లో నియాండర్తల్ అనే అంతరించిన మానవజాతి జన్యుపటం రాసింది. 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక ముక్క చూపించి ఆపేస్తాను. సైబీరియాలో డెనిసోవా గుహ. 2012లో తవ్వి సంచుల్లో వేసిన ఎముక ముక్కల్లో అదొకటి, రెండున్నర సెంటీమీటర్లు. ఏ జంతువుదో చెప్పలేని ముక్క. అలాంటి 2,300కి పైగా ముక్కల్లో ఒక్కొక్కదాని నుంచి సుమారు ఇరవై మిల్లీగ్రాములు తీసి, ఎముకలో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను పరీక్ష చేశారు. కొలాజెన్‌లో జంతువు జంతువుకీ చిన్న తేడా ఉంటుంది. బైసన్లు, మముత్‌లు, గుర్రాలు... వరసగా అవే. వాటి మధ్య ఒక్కటి మనిషి కుటుంబానిది. 2018లో దాని డీఎన్ఏ పూర్తిగా చదివారు. ఒక అమ్మాయి, కనీసం పదమూడేళ్ళు. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, అంటే ఈ గుహ పేరే పెట్టిన ఇంకో అంతరించిన మానవజాతివాడు. ఆ రెండు జాతులూ కలిసిన మొదటి తరం బిడ్డ, సంచిలో, అంకె రాసిన చీటీతో, కొన్నేళ్ళు ఎవరూ చూడకుండా ఉంది. ఆ చీటీ మీద ఏ గదిలో, ఏ పొరలో, ఎంత లోతులో అనేది రాసి ఉంది కాబట్టే ఆమె ఆ గుహలో ఏ చోటిదో, ఏ పొరదో చెప్పగలిగారు. ఆమె సుమారు 90,000 ఏళ్ళ కిందటిది.

పెద్ద తవ్వకాల్లో నేలనంతా ఒకేసారి తవ్వేయకుండా కొంత భాగం ముట్టుకోకుండా వదిలేసేది ఇందుకే. ఆ దిమ్మలో ఏ పద్ధతికి పనికొచ్చేది ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు కదా. ప్రశ్నలకు పావుగంట ఉందన్నారు. మొదట చీటీలు పంపినవాళ్ళవి తీసుకుంటాను.